టేపు కొస పట్టుకున్న చెయ్యి

దేవేందర్‌కు కోపం వస్తే అరవడు. చేతిలో ఉన్న పైపుల పానను సంచిలో వేసి, సంచి మూతి బిగించి కట్టి, అప్పుడు నోరు విప్పుతాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో అతణ్ణి ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మొన్నటి శ్రావణంలో ఆ సంచి మూతి వరసగా ఐదు రోజులు కట్టినట్టే ఉండిపోయింది. ఎందుకో చెబితే మీ ఒళ్ళు కూడా మండుతుంది. మండాలి కూడా.

మనిషి ప్లంబరు. ఇరవై రెండేళ్ళ పని. ఊరి చుట్టూ మక్కజొన్న చేన్లున్న రోజుల్లో బోరు మోటర్లు ఎత్తడం, దించడంతో మొదలుపెట్టాడు. ఆ చేన్లు లేఅవుట్లయ్యాయి, లేఅవుట్లు ఇళ్ళయ్యాయి, దేవేందర్ బోర్ల దగ్గర నుంచి గోడల దగ్గరికి వచ్చాడు. పని నేర్పింది రావల్‌కోల్ గౌరయ్య. ఆయన ఇప్పుడు లేడుగానీ ఆయన మాట ఉంది. "గోడ మూసినంక లోపట ఏముందో దేవునికి గూడ ఎర్క ఉండదు బిడ్డా. మూసినోనికి ఎర్క ఉండాలె." గౌరయ్య ప్రతి ఇంటి పైపులూ ఒక నోట్‌బుక్కులో గీసుకునేవాడు. ఒక వానాకాలం ఆ నోట్‌బుక్కు తడిసి ముద్దయింది. అప్పటినుంచి దేవేందర్ ఫోన్‌ను నమ్ముకున్నాడు.

అతని పద్ధతి ఇది. గోడకు గాడి కొట్టి పైపు కూర్చోబెట్టాక, ప్లాస్టరింగ్ మేస్త్రీ చెయ్యి పెట్టకముందే ఇంటి ఓనర్‌ను పిలుస్తాడు. నేల మీద నుంచి పైపు దాకా టేపు లాగి, దాని పై కొస ఓనర్ చేతికిస్తాడు. సుద్దతో గోడ మీద ఇంటి నంబరు, తేదీ రాస్తాడు. ఫోటో తీస్తాడు. ఇంటికో ఫోల్డరు, ఫోల్డరుకు ఇంటి నంబరే పేరు. ఓనర్ చేతే ఎందుకు పట్టించాలయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. ఒకసారి భార్య పద్మలతతో మాత్రం అసలు మాట చెప్పాడు. "టేపు పట్టుకున్నోడు రేపు నాకు ఎర్క లేదని అనడు."

పాపం, ఎంత నమ్మకం.

మూడు వేల పైచిలుకు ఫోటోలయ్యేసరికి ఫోను మొరాయించింది. కూతురు వర్ష తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఏడింటికి కంపెనీ క్యాబ్ ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతుంది. ఒక ఆదివారం తండ్రి ఫోను ముందేసుకుని ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించింది.

"గా క్లౌడ్ అంటే ఏంది బిడ్డా, ఏడుంటయి నా ఫోటోలు?"

"ఎక్కడనో పెద్ద కంప్యూటర్ల ఉంటయి బాపు. నీ ఫోన్ పోయినా అవి పోవు."

"ఎక్కడనో ఉంటే నాకేం ఫాయిదా? నేను గోడ ముంగట నిలవడ్డప్పుడు నా చేతుల ఉండాలె. సగం ఇండ్లల్ల సిగ్నలే రాదు."

సబబైన మాటే. వర్ష ఒక పెద్ద మెమరీ కార్డు వేసి, ఇంకో యాప్ పెట్టింది. క్లౌడ్‌లో ఉన్న ఫోల్డర్లే ఫోన్‌లో మామూలు ఫోల్డర్లుగా కనబడతాయి, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి, కొత్త ఫోటో తీస్తే దానంతటదే పైకి వెళ్తుంది. దేవేందర్ సంబరపడ్డాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని వర్ష తల్లి ఫోన్‌లో కూడా అదే యాప్ వేసి, అవే ఫోల్డర్లు తెప్పించింది. మంచికే చేసింది. మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అన్నారా పెద్దలు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ ఇంట్లో మూడు ఫోన్లకూ మెయిల్ ఐడీ ఒక్కటే. మేడ్చల్‌లో మొట్టమొదటి ఫోన్ కొన్నప్పుడు షాపతను దేవేందర్ పేరు మీద ఒక ఐడీ తయారుచేసి, పాస్‌వర్డ్ ఫోన్ డబ్బా మూత మీద రాసిచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫోనుకూ ఆ మూత చూసే కొట్టుకున్నారు. రేషన్ కార్డు ఇంటికొకటే అయినట్టు మెయిలూ ఇంటికొకటే అని వాళ్ళ లెక్క. చదువుకున్న వర్షకైనా తట్టిందా అంటే, చిన్నప్పటి నుంచీ ఉన్నదాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? మా ఇంట్లోనూ అంతే. మీ ఇంట్లోనూ అంతేనేమో చూసుకోండి.

ఇక నలభై ఏడో నంబరు ఇంటి విషయం.

ఎనభై ఇళ్ళ కాలనీ అది. గేటుంది, గేటుకు అడ్డకర్ర ఉంది, కర్ర దగ్గర సిద్దయ్య ఉన్నాడు. ఎనభైలో యాభైకి పైగా ఇళ్ళల్లో పైపులు వేసింది దేవేందరే. ఏ టాప్ కారినా, ఏ ట్యాంక్ పొంగినా అతనికే ఫోను. నలభై ఏడు చక్రపాణిది. గుంటూరు వైపు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి. భార్య కామేశ్వరమ్మ, కూతురు నవ్యశ్రీ. ఇల్లు కట్టేటప్పుడు రోజూ వచ్చి పని దగ్గర కూర్చునేవాడు, మంచిగానే మాట్లాడేవాడు. పైపుల పని అయిపోయిందనుకున్నాక ఎవరో వాస్తు ఆయన చెప్పాడని వాష్‌బేసిన్ ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చమన్నాడు.

"గట్ల మారిస్తే పైపు హాల్ గోడల నుంచి పోతది సార్. రేపు ఆ గోడకు మొల కొడితే పరేషాన్ అయితది," అన్నాడు దేవేందర్.

"ఆ గోడకు మేమేమీ కొట్టంలేవయ్యా. నువ్వు మార్చు."

మార్చాడు. టేపు కొస చక్రపాణి చేతికే ఇచ్చాడు. ఫోటో తీశాడు. ఇది మూడేళ్ళ కిందటి మాట.

మొన్న శ్రావణ మంగళవారం, కామేశ్వరమ్మ పూజలోపు హాలు ముస్తాబు కావాలని, కొత్త టీవీ తగిలించడానికి ఒకతను వచ్చి అదే గోడకు డ్రిల్లింగ్ మిషన్ పెట్టాడు. నీళ్ళు చిమ్మి సోఫా తడిసింది, కొత్త టీవీ డబ్బా తడిసింది, చక్రపాణి చొక్కా తడిసింది. వాల్వు కట్టేసి దేవేందర్‌ను పిలిచారు. అతను చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెట్టీ పెట్టకముందే దులపరింపు మొదలైంది.

"ఏమయ్యా, టీవీ పెట్టే గోడలో పైపెందుకు పెట్టావు? పని వచ్చా రాదా నీకు?"

"మీరు బేసిన్ మార్పిచ్చిన్రు గద సార్. అప్పుడే జెప్పిన."

"నేనా? నేనెప్పుడు మార్పించాను? నీ ఇష్టం వచ్చినట్టు వేసి నా మీద పెడతావా?"

మరిచిపోయాడనుకుందామా? మూడేళ్ళల్లో మనిషి సొంత వాష్‌బేసిన్ మరిచిపోతాడా? ఇంటిల్లిపాదీ రోజూ దాంట్లోనే మొహం కడుగుతున్నారు. నేను నమ్మను.

దేవేందర్ తొణకలేదు. "ఫోటో ఉంది సార్," అని ఫోన్ తీశాడు. ఫోల్డర్ల పేర్లు వరసగా ఉన్నాయి. నలభై ఏడు తెరిచాడు. ఖాళీ. నలభై ఆరు తెరిచాడు. ఖాళీ. సిగ్నల్ లేదేమోనని మేడ మీదికెక్కి మళ్ళీ చూశాడు. అన్నీ ఖాళీయే. కిందికొచ్చేసరికి చక్రపాణి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏదయ్యా ఫోటో?"

దేవేందర్ సంచి మూతి బిగించి కట్టి, "తెస్త సార్," అన్నాడు. అది కట్టడం అప్పుడే.

ఒక్క గంటలో చక్రపాణి కాలనీ వాట్సాప్ గ్రూపులో రాసేశాడు. దేవేందర్ పని తప్పుల తడక అట, అడిగితే లేని ఫోటోలు ఉన్నాయని అబద్ధాలాడతాడట, అందరూ తమ గోడలు చూసుకోవాలట. నిప్పు లేనిదే పొగ రాదని ఇద్దరు. మాకూ అనుమానంగానే ఉందని ఇంకొకరు. ఆ ఇంకొకరి బాత్రూమ్ మొన్న ఉగాదికి బాగుచేసింది దేవేందరే, పండగ వదులుకుని వెళ్ళి మరీ. అసోసియేషన్ సెక్రటరీ కృష్ణారావు ఆదివారం మీటింగులో తేలుద్దామని, అందాకా దేవేందర్‌ను గేటులోపలికి పంపొద్దని రాశాడు.

మరునాడు సిద్దయ్య కర్ర ఎత్తలేదు. "నన్నేం జెయ్యమంటవు బిడ్డా, నౌకరి," అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ కాలనీలో సగానికి పైగా ఇళ్ళ గొట్టాలు ఎక్కడెక్కడ తిరుగుతాయో ఎరిగిన ఏకైక మనిషి, గేటు బయట బండి ఆపుకుని నిలబడ్డాడు. కొరియర్ అబ్బాయిలు లోపలికి పోతున్నారు. కూరగాయల ఆటో లోపలికి పోతోంది. దేవేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పని పోతే ఇంకో పని దొరుకుతది మామా. అబద్ధాలోడు అంటున్నరు నన్ను," అన్నాడు సిద్దయ్యతో. అసలు గాయం అదే.

లోపల చక్రపాణి ఇంకో ప్లంబర్‌ను తెచ్చి గోడ పగలగొట్టించాడు. చిల్లి పడ్డ ముక్క మార్చాలంటే వంపు దగ్గర కోయాలి. ఆ వచ్చినవాడు పైపు ఏ వైపు తిరిగిందో తెలియక మూడుచోట్ల పగలగొట్టి, వంపు దొరక్క, నావల్ల కాదని వెళ్ళిపోయాడు. ఇంట్లో కింది అంతస్తుకు నీళ్ళు లేవు. అయినా పౌరుషం దిగలేదు.

శుక్రవారం సాయంత్రం వర్ష క్యాబ్ దిగి ఇంట్లోకి రాగానే దేవేందర్ ఫోన్ ఆమె ముందు పెట్టాడు. మూడు రోజులుగా యాప్‌లో చిక్కేమో, సిగ్నల్ చిక్కేమో అని ఆమె పైపైనే చూసి సర్దిచెబుతూ వచ్చింది. ఇవాళ నిమ్మళంగా కూర్చుని చూసింది. చూసి, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నీ ఫోన్ల గోడల ఫోటోలు ఉండె గద, ఏవి?"

పద్మలత మిషన్ మీద జాకెట్ కుడుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "తీసేసిన. ఫోన్ నిండింది నిండింది అని ఒకటే మొత్తుకోవట్టె. బోనాల జాకెట్లకు మోడల్ ఫోటోలు తీద్దామంటే జాగ లేదు. చూస్తే అన్ని గోడలు, పైపులు, ఎవరియో చేతులు. మీ బాపు ఫోన్ల ఉన్నయి గదా అని నా దాంట్లకెల్లి తీసేసిన. ఏ, ఏమాయె?"

వర్ష తల పట్టుకుంది. "సింక్ అంటే రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉంచుడు అమ్మా. ఒకదాంట్ల పెడితే ఇంకోదాంట్ల పెడతది. ఒకదాంట్ల తీస్తే అన్నిట్ల తీస్తది. మనయి మూడు ఫోన్లయినా ఖాతా ఒక్కటే. నువ్వు నీ ఫోన్ల తీసినవ్, అది బాపు ఫోన్ల గూడ తీసింది."

దేవేందర్ లేచి నిలబడ్డాడు. "నా సంచిల సామాను నేను వెట్టుకున్న. మీ అమ్మ తన సంచి దులుపుకుంటే నా సంచి ఎట్ల ఖాళీ అయితది? ఫోన్ నాది. ఫోటో నాది. ఎండల నిలవడి తీసింది నేను. నన్నొక్క మాట అడగదా గీ ఫోను? రిచార్జ్ అయిపోయిందని దినాం పదిసార్లు జెప్తదిగా, గీ ముచ్చట జెప్పనీకి నోరు రాలేదా?"

"నన్ను జూస్తవేంది?" పద్మలత మిషన్ ఆపేసింది. ఆమెకూ కోపం వచ్చింది, రావడం న్యాయమే. "నా ఫోన్ల మీ గోడలు వెడ్తమని నన్నడిగిన్రా ఇద్దరు? తీస్తే ఏమైతదో చెప్పిన్రా? బడి చదువు తక్కువని నాకు చెప్పుడే దండుగ అనుకున్నరు."

వర్ష కుర్చీ లాక్కుని తల్లి మిషన్ పక్కన కూర్చుంది.

మెల్లగా అడిగింది. "ఎన్నడు తీసినవమ్మా? దినం యాదికుందా?"

"బోనాలకు ముందు శనారం. అమ్మడు జాకెట్ కత్తిరిచ్చిన దినం." అమ్మడంటే పక్కింటావిడ. పద్మలతకు తేదీలు గుర్తుండవు, ఏ రోజు ఎవరి జాకెట్ కత్తిరించిందో గుర్తుంటుంది.

వర్ష వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇరవై ఏడు రోజులు. తీసేసినవి క్లౌడ్‌లో చెత్తబుట్టలాంటి చోట ముప్పై రోజులు పడి ఉంటాయి. ఆ తర్వాతే పూర్తిగా పోతాయి. తెరిచి చూసింది. ఉన్నాయి. మూడు వేల పైచిలుకూ ఉన్నాయి. ఇంకో మూడు రోజులు ఆలస్యమైతే బ్రహ్మదేవుడు దిగొచ్చినా దొరకవు.

దేవేందర్ కుర్చీలో కూలబడ్డాడు. గండం గడిచిందన్న సంతోషం కంటే, ఇంత దూరం వచ్చిందన్న ఉక్రోషమే ఎక్కువగా ఉంది అతని మొహంలో.

ముందు నలభై ఏడో ఇంటి ఫోటోలు దించింది వర్ష. దేవేందర్ ఒప్పుకోలేదు. "ఒక్కటి గాదు, అన్నీ రావాలె. రేపు ఇంకోడు అంటడు." రోజువారీ డేటా అయిపోతే వర్ష తన ఫోన్ డేటా పెట్టింది, అదీ అయిపోతే పక్కింటి అమ్మడు వైఫై అడుక్కున్నారు. శనివారం పొద్దుగూకేలోపు మొత్తం వచ్చాయి. ఈసారి వర్ష పద్ధతి మార్చింది. పద్మలతకు ఆమె పేరు మీదే వేరే ఐడీ, వేరే పాస్‌వర్డు. దేవేందర్ ఫోన్ నుంచి ఫోటోలు పైకి పోవడమే గానీ, పైన ఎవరేం చేసినా అతని ఫోల్డర్ల జోలికి రాకుండా కట్టడి చేసింది. ఆపైన వాటన్నిటికీ ఇంకో కాపీ తీసి, ఏ యాప్‌కూ సంబంధంలేని మామూలు ఫోల్డర్‌లో పెట్టింది. దేవేందర్ పరీక్ష కోసం నెట్ ఆపేసి నలభై ఏడు తెరిచాడు. తెరుచుకుంది. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు.

ఆదివారం మీటింగ్ కాలనీ క్లబ్‌హౌస్ సెల్లార్‌లో. పాతిక ముప్పై మంది వచ్చారు. కృష్ణారావు కబురు పంపితే సిద్దయ్య దేవేందర్‌ను లోపలికి వదిలాడు, వెనకాలే తానూ వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. కృష్ణారావు సంగతంతా చెప్పి, "ఏమంటావయ్యా?" అని అడిగాడు.

"ఫోటో తెచ్చిన సార్."

చక్రపాణి నవ్వి పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "చూడండి, ఇప్పుడు సెల్లార్‌లో సిగ్నల్ లేదంటాడు."

"సిగ్నల్‌తోని పని లేదు సార్. నా ఫోన్లనే ఉంది," అని దేవేందర్ ఫోన్ తీసి కృష్ణారావు చేతిలో పెట్టాడు.

ఎర్ర ఇటుకల గోడ. గోడ మీద సుద్దతో నలభై ఏడు, కింద తేదీ. అడ్డంగా పోయిన పైపు, హాలు వైపు తిరిగిన వంపు. నేల నుంచి నాలుగడుగుల మూడంగుళాలు చూపిస్తున్న పసుపు టేపు. టేపు కొసన ఒక చెయ్యి, ఆ చేతికి పగడపు ఉంగరం, చెయ్యి పక్కన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న చక్రపాణి. నా మొహం కూడా పడనివ్వవయ్యా అని ఆ రోజు ఆయనే అడిగి పడ్డాడు. ఫోన్ చేతులు మారుతూ వెళ్ళింది. చూసినవాళ్ళు ఒకసారి ఫోన్ వైపూ, ఒకసారి చక్రపాణి చేతి వైపూ చూశారు. ఉంగరం అదే.

తేలు కుట్టిన దొంగకు నోరెలా పెగులుతుంది? "అప్పుడేదో అని ఉంటానులెండి, గుర్తులేదు," అన్నాడు చక్రపాణి. కృష్ణారావు గొంతు సవరించుకుని, "సరే, ఇక ఇది వదిలేద్దాం," అన్నాడు. వదిలేద్దామట. ఎంత తేలిక.

జనం లేస్తుంటే చక్రపాణి దేవేందర్ పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించాడు. "గ్రూపులో రాసింది తీసేస్తానులేవయ్యా. నువ్వు కూడా ఆ ఫోటో తీసెయ్యి."

దేవేందర్ సంచి భుజం మీద సర్దుకున్నాడు. అరవలేదు. సెల్లార్ అంతా వినబడేలా మాత్రం చెప్పాడు.

"తీసేస్తే పోదు సార్. ఏడనో పడి ఉంటది. చదివినోళ్ళ మనసుల గూడ ఉంటది. మీరు రాసింది తియ్యకున్రి. దాని కిందనే రాయున్రి, దేవేందర్ అబద్ధం ఆడలే, మార్పిచ్చింది నేనే అని."

చక్రపాణి చుట్టూ చూశాడు. అందరూ ఆయన ఉంగరం వైపే చూస్తున్నారు. ఫోన్ తీసి టైపు చేశాడు. సెల్లార్‌లో సిగ్నల్ లేదు, మెసేజ్ పోలేదు. "తర్వాత పోతుందిలే," అన్నాడు.

"బైటికి పోదాం పాండ్రి సార్. నేను ఆగుత."

మెట్లెక్కి, సందు దాటి, గేటు దాకా నడిచారు. ముందు చక్రపాణి, వెనక దేవేందర్, అతని వెనక సిద్దయ్య. గేటు దగ్గర మెసేజ్ పోయింది. దేవేందర్ తన కళ్ళతో చూసి, సరేనన్నట్టు తలూపాడు. సిద్దయ్య ఎవరూ చెప్పకుండానే అడ్డకర్ర పైకెత్తి పెట్టాడు.

అప్పుడు దేవేందర్ నలభై ఏడులోకి వెళ్ళి సంచి మూతి విప్పాడు. ఆ మూడు బొక్కల వైపు చూడనైనా చూడలేదు. టేపు పెట్టి, నాలుగడుగుల మూడంగుళాల దగ్గర సుద్దతో ఒక్క గీత గీసి, అక్కడే కొట్టాడు. పైపు వంపు అక్కడే ఉంది. గంటన్నరలో పని ముగించి వాల్వు విప్పాడు. బేసిన్‌లో నీళ్ళొచ్చాయి. కామేశ్వరమ్మ టీ తెచ్చి ఇస్తూ, భర్త వైపు చూడకుండా, "ఆ బేసిన్ మార్పించింది మీరేనని మొన్ననే చెప్పాను," అంది. చక్రపాణి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

దేవేందర్ టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. గోడ ఇంకా మూయలేదు. సుద్దతో నలభై ఏడు అని రాసి, కింద ఆ రోజు తేదీ వేశాడు. నేల నుంచి టేపు లాగి, పై కొస ఓనర్ వైపు చాచాడు.

"పట్టుకోండ్రి సార్. మొహం గూడ పడాలె."